పొలము కాగితము సరిచూచుకొనుడు

నంబులపూలకుంట ప్రాంతపు ఎర్ర నేలలలో ఖరీఫు వేరుశనగ వానను నమ్ముకొన్న పంట. దుక్కికి, విత్తనమునకు, ఎరువులకు రొక్కము ముందే కావలెను. రాబడి మాత్రము కాయ ఇల్లు చేరిన తరువాతనే. ఈ నడిమి కాలమున అప్పుకై తిరుగకుండ ఆదుకొనుటకే ప్రభుత్వములు పెట్టుబడి సాయము ఏర్పరచినవి. అయినను పక్కపక్క పొలములవారిలో ఒకరికి సొమ్ము పడి, మరియొకరికి పడకపోవుట మీరు చూచియుందురు. తేడా తరచుగా పొలములో లేదు, కాగితములో నున్నది.

కేంద్ర ప్రభుత్వపు పి.ఎం. కిసాన్ పథకము 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. అర్హతగల రైతు కుటుంబమునకు ఏడాదికి రూ. 6,000, మూడు విడతలుగా ఇచ్చుట దీని ఏర్పాటు. దానికి అన్నదాత సుఖీభవ క్రింద రూ. 14,000 చేర్చి మొత్తము రూ. 20,000 చేయ సంకల్పించిన మన రాష్ట్ర ప్రభుత్వము, 2025 ఆగస్టు 2న తొలి విడత విడుదల చేసినది. ఆనాడు రెండును కలిసి రూ. 7,000 రైతుల ఖాతాలకు చేరినవి. ఇది చేజారకుండ ఈ క్రింది నాలుగు సంగతులు గమనింపుడు.

1. పట్టా ఎవరి పేరనున్నది? తండ్రి కాలము చేసి ఏండ్లు గడచినను పాసు పుస్తకము ఆయన పేరనే యుండుట మన పల్లెలలో కద్దు. చనిపోయినవారి పేర సాయము రాదు. దున్నుచున్న కొడుకు పేర భూమి లేదు. పి.ఎం. కిసాన్‌లో భార్య, భర్త, మైనరు బిడ్డలు కలిసి ఒక కుటుంబము. కనుక అన్నదమ్ములు భాగములు తేల్చుకొని ఎవరి పేర వారు పట్టా పొందినచో, అర్హతను బట్టి ఎవరి సాయము వారిది. ఈ పథకమునకు 2019 ఫిబ్రవరి 1 నాటి భూమి హక్కే ప్రమాణమైనను, వారసత్వముగా సంక్రమించిన భూమికి ఆ అడ్డు లేదు. మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల పత్రము తీసికొని సచివాలయములో గాని, మీ సేవలో గాని దరఖాస్తు పెట్టుకొనుడు. సౌర విద్యుత్ పార్కులోనికి కొంత భూమి పోయినవారు, మిగిలిన సర్వే నంబర్లు 1-బిలో సరిగా నున్నవో లేవో చూచుకొనవలెను.

2. సొమ్ము ఏ ఖాతాకు పోవుచున్నది? ఆధార్‌కు చివరిగా జతపడిన ఖాతాకే సొమ్ము చేరును. రెండు మూడు బ్యాంకులలో ఖాతాలున్నవారు పాత పుస్తకము చూచి "రాలేదు" అనుకొందురు. అది వేరొక బ్యాంకులో పడియుండవచ్చును. ఈ-కె.వై.సి. పూర్తిచేయుటయు అవసరము.

3. పంట నమోదైనదా? విత్తిన పిదప రైతు సేవా కేంద్రము సిబ్బందిచే ఈ-పంటలో వ్రాయించి వేలిముద్ర వేయుడు. కరవు వచ్చిననాడు పంట నష్ట సాయమునకు ఇదియే ఆధారము. కంది వేసి వేరుశనగయని వ్రాయించినచో నష్టపోవువారు మీరే.

4. కౌలుకు చేయుచున్నారా? పి.ఎం. కిసాన్ భూమి గలవారికే. అయినను 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము ప్రకారము 11 నెలల ఒప్పందముతో కౌలు రైతు కార్డు పొందవచ్చును. కార్డు ఇచ్చినంత మాత్రమున యజమాని హక్కు పోదు. ఈ భయమును మాటలాడి తొలగించుకొన్నచో ఇరువురికి మేలు.

ఈ పనులకు మధ్యవర్తికి రూకలిచ్చి నష్టపోకుడు. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. ఎవరికిని చెప్పకుడు.

పట్టా మార్పు ఒక్కనాటిలో తేలునది కాదు. విత్తనపు కాయలు ఒలుచు వేళకు ఆఫీసుల చుట్టు తిరుగుటకు తీరిక చిక్కదు. కావున పైరు ఎత్తిన పిమ్మట, తొలకరికి ముందు దొరకు వేసవి నెలలలోనే కాగితములు చక్కపెట్టుకొనుడు. దుక్కి వలెనే ఇదియు సేద్యపు పనియే.