విరేచనాలైన బిడ్డకు నీళ్లు మాన్పించకండి



"రాత్రి నుండి పదిసార్లు విరేచనాలయ్యాయమ్మా. తాగిందల్లా కక్కేస్తున్నాడని నీళ్లు కూడా ఆపేశాం." పిల్లల వార్డులో మేము తరచుగా వినే మాట ఇది. కడుపుకు విశ్రాంతి ఇస్తే తగ్గుతుందని పెద్దలు చెబితే ఆ తల్లి అలా చేసింది. కాని ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోని నీరు, లవణాలు తగ్గిపోవడమే.

జబ్బు ఎలా వస్తుంది?

పసిపిల్లలలో వాంతులు, నీళ్ల విరేచనాలు కలిగించేవాటిలో ముఖ్యమైనది రోటావైరస్. దీనిని 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం గుర్తించింది. పిల్లలకూ పెద్దలకూ వచ్చేది నోరోవైరస్. రెండూ రోగి మలం, వాంతి నుండి చేతులు, నీరు, ఆహారం ద్వారా మరొకరి నోటిలోకి చేరతాయి. వైరస్‌లపై యాంటిబయాటిక్ మందులు పనిచేయవు.

ఇంట్లో ఏం చేయాలి?

పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. కొంచెం పొడి, కొంచెం నీరు అని అంచనాగా కలపవద్దు. కలిపినది 24 గంటలలోపే వాడాలి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు పావు నుండి అర కప్పు, పెద్ద పిల్లలకు అర నుండి ఒక కప్పు పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. అన్నం తినే బిడ్డకు మెత్తటి అన్నం, పెరుగు పెట్టవచ్చు. డాక్టరు ఇచ్చిన జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు తేవాలి?

• కళ్లు లోతుకు పోయినా, పసిబిడ్డ మాడు గుంట పడినా
• మూత్రం బాగా తగ్గినా
• బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా
• విరేచనంలో రక్తం పడినా

తెల్లవారేదాకా ఆగవద్దు. దారిలో కూడా ఓఆర్ఎస్ పట్టిస్తూనే రండి.

రాకుండా ఎలా?

రోటావైరస్‌కు టీకా ఉంది. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ 2015లో విడుదలైంది. 2016లో ప్రభుత్వ కార్యక్రమంలో ఈ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు దేశమంతటా 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా ఉచితంగా ఇస్తున్నారు. కాని ఇది నోరోవైరస్‌ను ఆపదు. దానికి చేతులు కడుక్కోవడమే రక్ష. నోరోవైరస్‌పై శానిటైజర్ అంతగా పనిచేయదు కనుక సబ్బు, నీళ్లే వాడండి. మరుగుదొడ్డికి వెళ్లాక, బిడ్డ మలం కడిగాక, వంటకు ముందు తప్పనిసరి.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. వాంతులు, విరేచనాలు అయినవారు తగ్గిన తరువాత కూడా రెండు రోజులు ప్రేమవిందులో వంట, వడ్డన చేయకండి. మొహమాటపడి గరిటె పట్టుకుంటే ఒక్కరి జబ్బు పంక్తి అంతటికీ పాకుతుంది.

ఈ రోజే ఇంట్లో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చిపెట్టుకోండి. అర్ధరాత్రి అవసరమైనప్పుడు దుకాణం తెరిచి ఉండదు.