పాత కొండపల్లి బొమ్మకు రంగు గీకబోతున్నారా?

కొండపల్లి: సంక్రాంతి నెల పట్టగానే జిల్లాలో చాలా ఇళ్లలో అటక మీది బొమ్మల పెట్టె కిందికి దిగుతుంది. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు, ఎడ్లబండి పాతగుడ్డల్లోంచి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. వాటిలో సగానికి రంగు వెలిసి ఉంటుంది, కొన్నిటికి పెచ్చులూడి ఉంటాయి. కొలువు తీర్చే నాటికి బాగుచేయాలని ఇంటివారు ఒక ఉప్పు కాగితం ముక్కో, పాత చాకో పిల్లల చేతికిచ్చి అరుగు మీద కూర్చోబెడతారు. పాత రంగు గీకేసి కొత్తది పూస్తే సరిపోతుందని వారి ఉద్దేశం.

సరిపోదు. దీనివల్ల నష్టాలు రెండు. ఒకటి బొమ్మకు, రెండోది గీకే పిల్లలకు. బొమ్మ పోతే మరొకటి కొనవచ్చు. రెండో నష్టం అలాంటిది కాదు.

రంగు ఉన్నది కర్ర మీద కాదు

కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఇది తేలికైన, మెత్తని కర్ర. కొండపల్లి చుట్టుపక్కల కొండల్లో పెరిగే చెట్టు. ఇప్పుడు దొరకడం కష్టమవుతోంది. కర్రను ఎండబెట్టి, సెగ చూపి, తేమ పోగొట్టిన తర్వాత తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కుతారు. వాటిని అతికేది మక్కుతో. చింతపిక్కల పిండినీ రంపపు పొట్టునూ కలిపి చేసే ముద్దే మక్కు. అతుకుల దగ్గర దీన్నే పెట్టి, ఆరాక ఆకురాయితో రాచి నునుపు చేస్తారు. ఆ పైన సుద్ద పూత. రంగు వేసేది ఆ సుద్ద మీద.

అందుచేత ఉప్పు కాగితంతో రుద్దితే రంగు ఒక్కటే పోదు. సుద్ద రాలుతుంది, దాని కింద మక్కు అరుగుతుంది. అమ్మవారి ముఖం బల్లపరుపైపోతుంది, కృష్ణుడి వేళ్లు మొద్దుబారతాయి. నీళ్లలో నానబెడితే ఇంకా అన్యాయం. చింతపిక్కల జిగురు నీటికి మెత్తబడేది కాబట్టి చేతులు, కాళ్లు ఎక్కడివక్కడ ఊడి వస్తాయి. ఇత్తడి బొమ్మలను చింతపండుతో తోమినట్టు వీటిని కడగాలనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

ముందు దూదితో చూడాలి

ఏ బొమ్మకు ఏ రంగు వేశారో తెలుసుకోకుండా చేయి పెట్టరాదు. కొండపల్లి పనివారు నీటిరంగులు వాడారు, ఆకులు పూల నుంచి తీసిన రంగులు వాడారు, ఎనామిల్ రంగులూ వాడారు. తెలుసుకునే ఉపాయం సులువు. కొంచెం తడిపి గట్టిగా పిండిన దూదితో బొమ్మ అడుగున, ఎవరికీ కనపడని చోట మెల్లగా అద్ది చూడాలి. దూదికి రంగు అంటితే అది నీటిరంగు. అంటకుండా, నిగనిగలాడుతూ ఉంటే ఎనామిల్ కావచ్చు. నీటిరంగు మీద వార్నిష్ పూసిన బొమ్మలు కూడా ఉంటాయి. అవి దూదికి దొరకవు, కాబట్టి పెచ్చు లేచిన చోట అంచు చూసి పోల్చుకోవాలి.

నీటిరంగు బొమ్మ అయితే గీకే ప్రసక్తే పెట్టుకోవద్దు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి ఊరుకోవాలి. వెలిసిన నీటిరంగులో ఒక అందం ఉంటుంది. తాతల నాటి బొమ్మకు కొత్త ఎనామిల్ కొట్టి మెరిపిస్తే అది ఎవరి బొమ్మో గుర్తు పట్టడం కష్టం.

ఆ పొడిలో సీసం

అసలు ప్రమాదం పాత ఎనామిల్ దగ్గర ఉంది. పాత రోజుల్లో రంగులు చిక్కగా నిలబడటానికి, త్వరగా ఆరడానికి సీసం కలిసిన పదార్థాలు వేసేవారు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో ఇది ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన బొమ్మలో సీసం ఉందనే అనుకుని జాగ్రత్త పడటం మేలు. నీటిరంగు అయినా పసుపు, సిందూరపు రంగులను పూర్తిగా నమ్మడానికి లేదు.

రంగు బొమ్మ మీద గట్టిగా అంటుకుని ఉన్నంతవరకు, నోట్లో పెట్టుకోనంతవరకు పెద్ద భయం లేదు. గీకినప్పుడే అది పొడిగా మారి గాలిలో లేస్తుంది, చాప మీద పడుతుంది, చేతికంటుతుంది. చేతి నుంచి అన్నం ముద్దలోకి పోతుంది. పాకే పిల్లలు నేల తడిమి వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. పిల్లల ఒంట్లోకి పోయిన సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చదువులో మందకొడితనం, రక్తహీనత, ఆకలి మందగించడం, కడుపునొప్పి, మలబద్ధకం రావచ్చు. చాలామందిలో పైకి ఏ గుర్తూ కనపడదు. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. గర్భిణుల విషయంలో కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. పిల్లవాడు రంగు పెచ్చులు నమిలాడని తెలిస్తే డాక్టరుకు చూపి, రక్తంలో సీసం పరీక్ష గురించి అడగాలి.

చేయకూడనివి చాలా ఉన్నాయి. పాత రంగును దీపం సెగకో బ్లోలాంపుకో చూపి కాల్చడం అన్నిటికంటే చెడ్డది. సీసం పొగగా లేచి ఊపిరితో లోపలికి పోతుంది. కాస్టిక్ సోడా నీళ్లు కళ్లు పోగొట్టగలవు, కర్రను నల్లబరచి పీచు లేపుతాయి. అల్యూమినియం గిన్నెలో కలిపితే పొంగి, మండే వాయువు పుడుతుంది. రంగుల దుకాణాల్లో అమ్మే కొన్ని పెయింట్ రిమూవర్లలో ఉండే మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి మూసిన గదిలో మనుషుల ప్రాణం తీసింది. అది ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. టర్పెంటైనుకు బాగా ఆరిపోయిన ఎనామిల్ కరగదు. అది అంటుకుని ఇల్లు కాలే భయం మాత్రం ఉంది.

పెచ్చులు మాత్రమే

అందుచేత గట్టిగా ఉన్న రంగును అలాగే వదిలి, లేచిన పెచ్చులను మాత్రం తీయడం మంచి పద్ధతి. పిల్లలను, గర్భిణులను దూరంగా పంపాలి. ఆరుబయట, గాలి విసురు లేని వేళ, కింద పాత వార్తాపత్రికలు నాలుగైదు మందాన పరచుకోవాలి. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి. తుండుగుడ్డ చుట్టుకుంటే సన్నని పొడి ఆగదు. పెచ్చు లేచిన చోట తడి దూదితో అద్ది, మెత్తపడకముందే వెదురు పుల్లతో లేపాలి. చాకు వద్దు. బొమ్మను తడిపి ఉంచకూడదు, వెంటనే నీడన ఆరబెట్టాలి. పొడిగా రుద్దడం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు.

పని అయ్యాక చీపురుతో ఊడిస్తే పొడి మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను, కాగితాలను, పెచ్చులను ఒక పాలిథిన్ సంచిలో మూటగట్టి పారేయాలి. పొయ్యిలో వేయరాదు. పెంటమీద పోస్తే కోళ్లు ఏరుకు తింటాయి. పశువులకు సీసం రంగు నాకి చనిపోయే గుణం ఉన్న సంగతి పశువైద్యులకు తెలిసినదే. కట్టిన బట్టలు వేరుగా ఉతికి, స్నానం చేసిన తర్వాతే అన్నానికి కూర్చోవాలి.

తర్వాత కొత్త రంగు వేసుకుంటే పాత పొర దాని కింద అణగి ఉంటుంది. అలాంటి బొమ్మ కొలువు మెట్ల మీద కూర్చోవడానికి పనికి వస్తుంది గాని చంటిపిల్ల చేతికివ్వడానికి కాదు. రంగు మొత్తం పోయి మక్కు బయటపడిన బొమ్మ అయితే ఇంట్లో ప్రయత్నించకుండా కొండపల్లి పనివారికి చూపడం మంచిది. మక్కు, సుద్ద మళ్లీ పెట్టడం వారికి చేతనైన పని.

అదే పెట్టెలో ఏటికొప్పాక లక్కబొమ్మలు కూడా ఉంటే వాటికి ఈ పద్ధతి వర్తించదు. అంకుడు కర్ర మీద లక్కను తరిమెన పట్టి ఎక్కిస్తారు. నీటి తడి కొంత తగిలినా ఓర్చుకుంటాయి గాని స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది. చేతులకు రాసుకునే శానిటైజరులో ఉన్నదీ అదే జాతిది. కాబట్టి అది రాసుకున్న చేత్తో లక్కబొమ్మను తుడవకూడదు. పొడిగుడ్డ చాలు.