కడుపు నిండితేనే కాల్‌షీటు నిండేది!

హీరో డైలాగు విసిరాడంటే హాల్లో ఈలలే ఈలలు! బాగానే వుంది. కాని ఆ షాటు తీస్తున్నప్పుడు సెట్టు పైన లైటు పట్టుకు నిలబడ్డ కుర్రాడు అన్నం తిన్నాడా, లేదా? 'ఆ సంగతి మాకెందుకండీ?' అంటారా? ఎందుకో చెబుతాను, వినండి.

ఉప్పల్‌కి కూతవేటు దూరంలో వున్న నాచారం ఫ్యాక్టరీల పేట. ఆ ఫ్యాక్టరీల మధ్యనే ఎన్.టి. రామారావు గారు చెట్టూ చేమా పెంచి రామకృష్ణా స్టూడియో కట్టించారు. ఫ్యాక్టరీలో షిఫ్టయితే స్టూడియోలో కాల్‌షీటు. ఆకలి మాత్రం రెండుచోట్లా ఒక్కటే!

ఆయన 'దాన వీర శూర కర్ణ' 1977 సంక్రాంతికి వచ్చింది. మూడు వేషాలు, దర్శకత్వం, నిర్మాణం అన్నీ తానే అయి 43 పనిదినాల్లో పూర్తి చేశారు. ఇదంతా ఒక్క మనిషి దీక్ష అంటే సగమే నిజం. కిరీటాలు సర్దేవాళ్ళు, మేకప్ వేసేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు కూడా నాయకుడితో సమానంగా పరిగెత్తాలి. పరిగెత్తాలంటే ముందు కడుపులో ఏదో పడాలి కదూ!

మనిషికి ముందు తిండీ నీళ్ళూ, తర్వాత భద్రత, ఆ తర్వాత 'నేనూ వీళ్ళలో ఒకణ్ణి' అన్న ధీమా, ఆపైన గౌరవం కావాలని మాస్లో అనే అమెరికన్ పండితుడు 1943లో రాశాడు. సెట్టు భాషలో చెప్పాలంటే వేళకి భోజనం, చేతికి కూలి, 'ఒరేయ్' అనకుండా పేరు పెట్టి పిలవడం. అంతే!

మన విజయా సంస్థనే తీసుకోండి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నటులకీ, టెక్నీషియన్లకీ నెల జీతాలిచ్చారు. ఫలితం టైటిల్స్‌లోనే కనిపిస్తుంది. 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962)... అన్నిటికీ కెమెరా మార్కస్ బార్ట్‌లీయే! రేపటి బెంగ లేనివాడికే కదా, ఇవాళ్టి పని మీద మనసు నిలిచేది?

తెర మీద విలన్‌గా మనల్ని హడలగొట్టిన డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి గారైతే సినీ కార్మికుల ఇళ్ళ కోసం మణికొండలో సొంత భూమి పదెకరాలు ఇచ్చేశారు. చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. విలన్ ఎవరో, హీరో ఎవరో చూడండి మరి!

అన్నట్టు, దానం వేరు, పద్ధతి వేరు. 2020లో కరోనాతో షూటింగులు ఆగిపోతే చిరంజీవి గారు ముందు నిలబడి, నిధి పోగుచేసి, కార్మికుల ఇళ్ళకి సరుకులు పంపించారు. మెచ్చుకోవలసిందే. కాని కెమెరా తిరిగే రోజుల్లో కావలసింది సరుకుల సంచీ కాదు, సరైన కూలి. 2025 ఆగస్టులో కార్మికులు 30 శాతం పెంచమని షూటింగులు ఆపేశారు. రెండు వారాలు దాటాక, ప్రభుత్వం కల్పించుకుంటే, మూడేళ్ళలో 22.5 శాతం పెంచేట్టు రాజీ కుదిరింది. వీధిన పడ్డాక కుదిరిన ఆ లెక్క ముందే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోలేరా?

ఆడవాళ్ళ అవస్థ మరో రకం. 2024లో బయటపడ్డ కేరళ హేమ కమిటీ నివేదిక చదివితే గుండె కలుక్కుమంటుంది. సెట్లో బాత్‌రూము లేక, దాహమేసినా నీళ్ళు తాగకుండా వుండిపోయే ఆడవాళ్ళున్నారట! కోట్ల సెట్టు వేసేవాడికి ఒక బాత్‌రూము భారమా?

ఇవేవీ నాయకుడి ఉపన్యాసాలతో రావు. డైరెక్టరు అందరితోపాటు పంక్తిలో కూర్చుని అదే సాంబారు పోసుకుంటే, ఆ మర్నాడు సాంబారు రుచి దానంతటదే మారుతుంది! ప్యాకప్ చెప్పగానే కూలి చేతికొస్తే, మర్నాడు ఆరు గంటలకి ఎవరూ పిలవకుండానే లైట్లు సిద్ధంగా వుంటాయి. నాయకుడు ఆ రోజు సెట్లో లేకపోయినా ఇదంతా సాగిందా, అదీ పద్ధతి!

సినిమాల్లో చేరాలని ఉబలాటపడే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏ కంపెనీలో అడుగుపెట్టినా బ్యానరు పేరు చూసి మురిసిపోకండి. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, అక్కడ ఆఖరి పంక్తికి ఏం మిగులుతుందో చూడండి. సెట్టుకి దానకర్ణుడు అక్కరలేదు. జూదమాడని ధర్మరాజుంటే చాలు!