గొర్రెల ఉదరావయవ పరీక్ష – మంద రక్షణ
వేరుశనగ సేద్యంతో పాటు గొర్రెల పెంపకమూ సాగే పాకాల ప్రాంతంలో, హఠాత్తుగా మరణించిన గొర్రె ఉదరావయవాలను పరీక్షిస్తే మిగిలిన మందను కాపాడవచ్చు. అయితే ముక్కు, మలద్వారాల నుండి గడ్డకట్టని రక్తం స్రవిస్తే దొమ్మరోగమని అనుమానించి కళేబరాన్ని కోయరాదు. గాలి సోకిన క్రిములు సిద్ధబీజాలై దశాబ్దాలపాటు నేలలో నిలుస్తాయి. ఇతర సందర్భాల్లో పశువైద్యుని పర్యవేక్షణలో పరీక్ష జరపాలి.

ఉదరంలో ఎడమవైపు అధికభాగాన్ని ఆక్రమించే మొదటి పొట్టలో గింజలు నిండి పుల్లని వాసన వస్తే ఆమ్లాజీర్ణాన్ని అనుమానించాలి. కుడివైపునున్న కాలేయపు పైత్యనాళాల్లో ఆకువంటి జలగలు కనిపిస్తే, నత్తలుండే చెరువుగట్ల మేతను మాన్పించాలి. మూత్రపిండాలు గుజ్జులా మెత్తబడటం చిటుకురోగ సూచన; కళేబరం కుళ్ళినా అవి మెత్తబడతాయి. కనుక జాప్యం లేకుండా పరీక్షించి, చిన్నప్రేవుల ద్రవాన్ని ప్రయోగశాలకు పంపాలి.

ఆరోగ్యవంతమైన అవయవాల స్థానం, రంగు, గట్టితనం ముందుగా ఎరిగిన విద్యార్థికే ఈ మార్పులు గోచరిస్తాయి.