ఆయుధమూ ఆగ్రహమూ

మస్జిదుకు గాని, బజారుకు గాని బాణాలతో వెళ్ళేవారు వాటి ములుకులను పట్టుకొని నడవాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. ఒరలేని కత్తిని ఒకరి చేతి నుండి మరొకరికి అందించడాన్నీ వారించారు. పాపన్నపేటలో ఈ హదీసులు బోధించినప్పుడు పిల్లలు తుపాకుల గురించి అడుగుతారు. మేము ఆదిలాబాద్ సంగతి చెబుతాము.

2020 డిసెంబరులో అక్కడి తాటిగూడలో పిల్లల క్రికెట్ తగాదా పెద్దలదాకా పాకింది. మున్సిపల్ మాజీ ఉపాధ్యక్షుడొకరు లైసెన్సు ఉన్న తుపాకితో కాల్పులు జరిపారు. ముగ్గురు గాయపడగా, వారిలో ఒకరు తరువాత మరణించారు. 2022లో న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. కాల్చినవారూ, మరణించినవారూ మనవారే.

అది దొంగ తుపాకి కాదు, ప్రభుత్వం అనుమతించినదే. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది. ప్రాణాలకు ముప్పు తెచ్చే వేడుక కాల్పులకు రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇవి మేలే. అయితే అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ళ నుండి ఐదేళ్ళకు పెంచింది. ఇది మాకు సమ్మతం కాదు. ఐదేళ్ళలో మనిషికి అప్పులు, భూతగాదాలు, ఎన్నికల పంతాలు ఎన్నో చుట్టుకుంటాయి. ప్రాణభయంతో ఆయుధం కోరేవారున్నారు, కాదనము. కాని వారి స్థితిని ఏటేటా విచారించాలి.

ఇంటి యజమాని కోపం ముందుగా తెలిసేది భార్యకే. కెనడాలో దరఖాస్తుదారు జీవిత భాగస్వామి వివరాలు ఇవ్వాలి, ఆమెకు అధికారులు సమాచారమూ పంపుతారు. ఇక్కడా ఆమెను అడగాలి, అదీ భర్త ఎదుట లేనప్పుడు.