శోకదినమునకు శుభనామ మేల?

ప్రతి సంవత్సరము మార్చి, ఏప్రిలు నెలలలో ఒక శుక్రవారమున మన బడులకు సెలవు వచ్చును. క్యాలెండరులో ఆ తేదీ క్రింద గుడ్ ఫ్రైడే అని యుండును. దానినే తెలుగు క్రైస్తవ సంఘములలో శుభ శుక్రవారమనియు, మంచి శుక్రవారమనియు పిలుచుచున్నారు. ఆ దినమున క్రైస్తవ విద్యార్థులకు తోటి మిత్రులు పండుగ శుభాకాంక్షలు చెప్పుటయు కద్దు. వారి ప్రేమ మెచ్చదగినదే. కాని ఆ విద్యార్థి యింట ఆనాడు పిండివంటలు లేవు, కొత్తబట్టలు లేవు. పెద్దలు ఉపవాసముతో నుందురు. “పండుగ యైనచో విందేది? మరణదినమైనచో శుభమేది?” యని మిత్రు డడిగినచో బదులు చెప్పలేక ఊరకుండు పిల్లలు పెక్కురు. వారి కొరకే యీ నాలుగు మాటలు.

ఆ దినమున జరిగిన దేమి?

యూదయ దేశము ఆ కాలమున రోము ప్రభుత్వమునకు లోబడి యుండెను. క్రీ.శ. 26 మొదలు 36 వరకు పొంతి పిలాతు అచ్చట అధిపతిగా నుండెను. అతని కాలముననే, యూదుల పస్కా పండుగ వేళ, యేసు ప్రభువు సిలువ వేయబడెను. రెండవ శతాబ్ది ఆరంభమున రోము చరిత్రకారుడగు తాసితుసు సహితము ఈ మరణశిక్షను తన గ్రంథమున పేర్కొనియున్నాడు.

గురువారము రాత్రి ప్రభువు శిష్యుల పాదములు కడిగి, వారితో కడపటి భోజనము చేసెను. పిదప గెత్సేమనేలో ప్రార్థించుచుండగా ఆయనను బంధించిరి. ముఖ్యశిష్యుడైన పేతురు ఆయన నెరుగనని ముమ్మారు బొంకెను. పిలాతు ఆయనయందు నేరము కానక పోయినను, జనసమూహమునకు వెరచి, నీటితో చేతులు కడుగుకొని మరణమునకు అప్పగించెను. సిలువ సామాన్యమైన శిక్ష కాదు. బానిసలకును, తిరుగుబాటుదారులకును విధింపబడు మిక్కిలి అవమానకరమైన శిక్ష. కపాలస్థలమని అర్థమిచ్చు గొల్గొతాయందు, ఇద్దరు నేరస్థుల నడుమ ఆయనను సిలువ వేసిరి. మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటల వరకు చీకటి క్రమ్మెననియు, ఆ పిమ్మట ఆయన ప్రాణము విడిచెననియు సువార్తలు తెలుపుచున్నవి.

శుభమను పేరు

ఈ దినమునకు అన్ని భాషలలో ఒకే పేరు లేదు. గ్రీకులు దీనిని మహా శుక్రవారమందురు. జర్మనుల పేరునకు విలాప శుక్రవారమని అర్థము. తమిళనాట నున్న మీరు పెరియ వెళ్ళి యనియు, పునిత వెళ్ళి యనియు వినియుందురు. మొదటిది గొప్ప శుక్రవారము, రెండవది పవిత్ర శుక్రవారము. కర్ణాటకమున శుభ శుక్రవార యందురు. ఆంగ్లభాషలో గుడ్ అను మాటకు పూర్వము పవిత్రమను అర్థమును కలదు. కనుక ఈ పేరునందలి శుభము వేడుకను తెలుపునది కాదు, పవిత్రతను తెలుపునది.

అయినను పేరు వెనుక విశ్వాసమొకటి కలదు. ఒక యింట తమ్ముడు తెలివిమాలి అప్పులపాలాయెననుకొనుడు. అన్నగారు రేయింబవళ్ళు కష్టపడి, తాను పస్తుండి, ఆ అప్పు తీర్చి, పత్రమును చింపి తమ్ముని చేతిలో పెట్టెను. తమ్మునికి అది దుఃఖదినమా, శుభదినమా? అన్న చిక్కిన దేహమును చూచినపుడు దుఃఖము. చినిగిన పత్రమును చూచినపుడు విడుదల. రెండును ఒకే దినమున కలుగును. మానవుల పాపఋణమును ప్రభువు తన ప్రాణముతో తీర్చెనని క్రైస్తవులు నమ్ముదురు. కావుననే వారు ఆనాడు విలపించుచునే కృతజ్ఞత చెల్లింతురు. మూడవ దినమైన ఆదివారమున ఆయన లేచెనను నమ్మికయే లేకున్నచో ఈ శుక్రవారము కేవల శోకదినమే యగును.

తేదీ మారు టెందులకు?

క్రిస్మసు ఎల్లప్పుడు డిసెంబరు 25 ననే వచ్చును గదా, ఇది యేల మారుచుండును? మన ఉగాదివలె దీనికిని చంద్రుని గమనముతో సంబంధము కలదు. మార్చి 21 న గాని, అటుపిమ్మట గాని వచ్చు మొదటి పౌర్ణమి తరువాతి ఆదివారము ఈస్టరు. దానికి రెండు దినముల ముందు శుభ శుక్రవారము. కనుక ఇది మార్చి 20 కి ముందు గాని, ఏప్రిలు 23 కి తరువాత గాని రాదు. ప్రాచీన పంచాంగము ననుసరించు తూర్పు సంఘములలో తేదీ వేరుగా నుండవచ్చును.

ఎట్లు ఆచరింతురు?

రోమను కథోలిక దేవాలయములలో ఆనాడు పూజాబలి యుండదు. బలిపీఠముపై వస్త్రము గాని, దీపము గాని ఉంచరు, గంటలు మ్రోగవు. శ్రమల చరిత్రను చదివి, సిలువను గౌరవింతురు. పదునాలుగు స్థలములుగల సిలువమార్గమును ధ్యానింతురు. పదునెనిమిదేండ్లు మొదలు ఏబదితొమ్మిదేండ్ల వరకు గలవారు ఉపవసింపవలెను. పదునాలుగేండ్లు నిండినవారు మాంసము మానవలెను. ఇతర సంఘములలో పెక్కుచోట్ల పండ్రెండు గంటల నుండి మూడు గంటల వరకు ఆరాధన జరుగును. సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలను ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా వివరింతురు. ఈ యేడును ఒకే సువార్తలో లేవు. లూకా మూడింటిని, యోహాను మూడింటిని చెప్పగా, తక్కిన యొకటి మత్తయి, మార్కు సువార్తలలో నున్నది. శత్రువులను క్షమింపుమని తండ్రిని వేడుట వానిలో మొదటిదిగా ధ్యానింతురు.

మరువరాని రెండు విషయములు

మొదటిది. ఈ చరిత్రను చదివి కొందరు పూర్వము యూదజాతినంతటిని దోషులుగా నెంచి, వారిని హింసించిరి. ఇది ఘోరమైన అన్యాయము. యేసును, ఆయన తల్లియును, శిష్యులును యూదులే. ఆనాటి మరణమునకు యూదులందరిని గాని, నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని 1965 లో రెండవ వాటికను మహాసభ స్పష్టముగా ప్రకటించెను. కొందరి చేతలకు ఒక జాతినంతటిని నిందించుట యెంత తప్పో, అన్యభాషాప్రాంతమున కొద్దిమందిగా బ్రతుకు మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సిలువ యెదుట నిలిచినవాడు ఇతరుల తప్పు లెంచుటకు ముందు, తనలోని పేతురును, తనలోని పిలాతును వెదకుకొనవలెను.

రెండవది. సిలువపై నుంచిన పలక మూడు భాషలలో వ్రాయబడెనని యోహాను చెప్పుచున్నాడు: హెబ్రీ, రోమా, గ్రీకు భాషలు. కాని మహావేదనలో ప్రభువు తన దేవునికి మొరపెట్టినది తన దేశపు అరమేయిక మాటలతో. గ్రీకున వ్రాసిన సువార్తికులు ఆ మాటలను అట్లే నిలిపి, ప్రక్కన అర్థము చెప్పిరి. నాల్గవ శతాబ్ది చివర ఎగేరియా యను యాత్రికురాలు యెరూషలేమునకు పోయి, ఈ శుక్రవారమున జనులు మధ్యాహ్నము మొదలు మూడు గంటలసేపు శ్రమల చరిత్ర వినుచు కన్నీరు కార్చుటను చూచి వ్రాసెను. అచ్చట బిషప్పు గ్రీకున బోధింపగా ఒక గురువు సిరియా భాషలో చెప్పెడివాడనియు, ఆ రెండును రానివారికి లాటిను తెలిసినవారు వివరించెడివారనియు ఆమె తెలిపినది. ఏ భాషవారును అర్థము కాక వెలుపల నిలువరాదని ఆనాడే తలచిరన్నమాట. కావున తల్లిదండ్రులారా, మీరు నివసించు చోటి భాషలో ఆరాధన జరిగినను, ఆనాటి సాయంకాలము ఇంటియందు పిల్లలచేత శ్రమల చరిత్రను తెలుగున చదివింపుడు. దుఃఖమును, కృతజ్ఞతను తల్లిభాషలో తెలిపిన మాట హృదయమున నిలుచును.

బాలబాలికలారా! ఉపవాసము మీకు విధి కాకపోయినను, ఆనాడు చిరుతిండి మాని ఆ కాసులను పేదలకీయవచ్చును. మాటలు మానిన మిత్రునితో మరల మాటాడవచ్చును. ఇకపై ఎవరైన “ఇది పండుగయా, శోకమా?” యని యడిగినచో నిట్లు చెప్పుడు: “మాకొరకు ఒకరు పడిన బాధను తలచుకొను దినము గనుక శోకము. ఆ బాధ ప్రేమవలన పడినది గనుక శుభము.”