30 సెకన్లు దాటాకే అసలు పాట

స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు ఆడితే ఒక స్ట్రీమ్ కింద లెక్క. 29వ సెకనులో స్కిప్ కొడితే ఆ పాట విన్నట్టే కాదు. కోడ్ రాసుకునే నాలాంటివాడికి ఇదొక చిన్న ఇఫ్ కండిషన్. పాట చేసేవాళ్లకు మాత్రం పెద్ద ఒత్తిడి. ఇంట్రో తగ్గించాలి, హుక్ ముందుకు తేవాలి, రీల్‌కు పనికొచ్చే ముక్క ఒకటి ఉండాలి. మన సినిమా పాటలూ లిరికల్ వీడియోలుగా ఒక్కొక్కటే వస్తున్నాయి. దాంతో ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా వినే అలవాటే పోతోంది.

నేను రోజూ ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తా. అమీర్‌పేటలో ట్రైన్ మారడంతో కలిపి దాదాపు గంట. షఫుల్ ఆపేస్తే ఒక ఆల్బమ్ పూర్తవుతుంది. ఈ రెండు మూడేళ్లలో వచ్చినవాటిలో అలా విన్న ఆరు ఇవి. ఒకదానికొకటి పోలికే లేదు.

రాక్: ది క్యూర్

16 ఏళ్ల గ్యాప్ తర్వాత 2024లో 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' తెచ్చారు. మొదటి పాట 'అలోన్'లో రాబర్ట్ స్మిత్ గొంతు వినపడటానికే మూడు నిమిషాలు దాటుతుంది. ఇందులోనే అన్నయ్య పోయిన బాధతో ఆయన రాసిన పాట ఒకటుంది. పోయిన మనిషి గురించి తొందరగా చెప్పేయమంటే ఎవరైనా ఏం చెప్తారు? ఆ నిదానం ఎందుకో అక్కడ అర్థమైంది.

పాప్: బిల్లీ ఐలిష్

'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్' నుంచి ముందుగా ఒక్క సింగిల్ కూడా వదల్లేదు. పది పాటలూ ఒకేసారి వచ్చాయి. 'లామోర్ దె మా వీ' మెల్లగా, బ్రేకప్ అయినవాడి మూడ్‌లో మొదలవుతుంది. సగం దాటాక ఒక్కసారిగా డాన్స్ ఫ్లోర్ బీట్‌లోకి దూకేస్తుంది. సగంలో ఆపినవాళ్లకు రెండో పాట దొరకదు.

హిప్‌హాప్: కెండ్రిక్ లమార్

2024 నవంబర్ 22న ముందస్తు ప్రకటనేమీ లేకుండా 'జీఎన్ఎక్స్' వదిలాడు. పైపైన వింటే మొత్తం కోపమే. 'రీఇన్‌కార్నేటెడ్' దాకా ఆగండి. ఒక గిటారిస్టుగా, తర్వాత ఒక గాయనిగా గత జన్మలు చెప్పుకొస్తూ, చివరికి తన కోపాన్నే నిలదీస్తాడు.

మెటల్: ఓపెత్

అదే రోజు ఈ స్వీడన్ బ్యాండ్ 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' వచ్చింది. ఒక పెద్దాయన చనిపోయాక ఆయన వీలునామా చదవడమే కథ. ఎనిమిది పాటల్లో ఏడింటికి పేర్లే లేవు, దస్తావేజులో లాగా పేరా నంబర్లే. 2008 తర్వాత ఆల్బమ్‌లో మళ్లీ గర్జించే గొంతు వాడారు. ఆస్తి, పిల్లలు, దాచిపెట్టిన నిజాలు... ఇంత ఇంటి గొడవ ఏ సీరియల్‌కూ తీసిపోదు. ఆ గొంతు చూసి భయపడి ఆపేస్తే కథే మిస్సవుతారు.

జాజ్, ఉర్దూ కవిత: అరూజ్ ఆఫ్తాబ్

పాకిస్తానీ మూలాలున్న ఈమె న్యూయార్క్‌లో ఉంటుంది. 2024 నాటి 'నైట్ రెయిన్'లో 'నా గుల్', 'సాఖీ' అనే పాటల సాహిత్యం ఎవరిదో తెలుసా? మన హైదరాబాద్ కవయిత్రి మహలఖా బాయి చందాది. 1824లో కన్నుమూసిన ఆమె సమాధి మౌలాలి గుట్ట దగ్గరే ఉంది. సరిగ్గా 200 ఏళ్లకు ఆమె మాటలు బ్రూక్లిన్ చుట్టి నా ఇయర్‌ఫోన్స్‌లోకి వచ్చాయి. క్రెడిట్స్ కూడా చదవండి బాస్, ఒక్కోసారి మన ఊరే కనపడుతుంది.

ఫ్యూజన్: శక్తి

1977 తర్వాత ఈ బృందం చేసిన తొలి స్టూడియో ఆల్బమ్ 'దిస్ మూమెంట్' 2023లో వచ్చి, మరుసటి ఏడాది గ్రామీ గెలిచింది. మొదటి పాట పేరు 'శ్రీనిస్ డ్రీమ్'. ఆ శ్రీని మరెవరో కాదు, 'రిమెంబర్ శక్తి'లో వీళ్లతో కలిసి వాయించిన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఈ పాటలో తబలా వాయించిన జాకిర్ హుస్సేన్ కూడా 2024 డిసెంబర్ 15న కన్నుమూశారు. ఒక మిత్రుడిని తలుచుకుంటూ వాయించిన చేతులు కూడా ఇప్పుడు లేవు. అది తెలిసి వింటే ఆ ఎనిమిది పాటల్లో దేన్నీ స్కిప్ చేయబుద్ధి కాదు.

ఆరూ అందరికీ నచ్చాలని లేదు. ఓపెత్ పెట్టాక మా రూమ్మేట్ లేచి బయటికెళ్లిపోయాడు. సరే, అది వాడి ఇష్టం. మీరు మాత్రం ఈ వారం ఒక్కటి ఎంచుకోండి. షఫుల్ ఆఫ్ చేసి ఒక ప్రయాణం మొత్తం దానికే ఇవ్వండి. నచ్చకపోతే హాయిగా ఆపేయండి, కానీ కనీసం మూడో పాట అయ్యాక!